బంపర్ పగిలింది: క్లెయిమ్ చేయాలా, ఆటోనగర్‌లో ఇవ్వాలా?

ప్రశ్న: మా 1200 సీసీ కారుకు నాలుగున్నరేళ్లు. పోయిన వారం మంగళగిరి దగ్గర ఒక ఆటో ముందు ఎడమ మూలను గుద్దేసి వెళ్లిపోయింది. బంపర్ చీలింది, హెడ్‌లైట్ పగిలింది, ఫెండర్ సొట్టపోయింది. షోరూమ్ వర్క్‌షాప్‌లో 36,000 ఎస్టిమేట్ ఇచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డువాళ్లు 17,000కే చేస్తామంటున్నారు. ఇన్సూరెన్స్‌లో జీరో డెప్ (పార్ట్స్ పాతబడ్డాయని కోత పెట్టకుండా ఇచ్చే కవర్) లేదు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే సొంత కారు నష్టానికి కట్టేది, రాయితీకి ముందు 9,000. ఇంతవరకు ఒక్క క్లెయిమూ చేయలేదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: 36,000, 17,000 అంకెలను కాసేపు పక్కన పెట్టండి. ఏ దారిలో వెళితే మీ చేతి డబ్బు ఎంత పోతుందో చూద్దాం. మీరు పంపిన ఎస్టిమేట్ కాగితమే చాలు.

జీరో డెప్ లేదు కాబట్టి ప్లాస్టిక్ భాగాలకు ఇన్సూరెన్స్ వాళ్లు సగమే ఇస్తారు. బంపర్ 6,000లో 3,000, హెడ్‌లైట్ 5,000లో 2,500 మీ మీదే పడతాయి. రేకు భాగాలకు కారు వయసును బట్టి కోత ఉంటుంది. నాలుగు దాటి ఐదేళ్ల లోపైతే 35 శాతం, అంటే 4,000 ఫెండర్‌కు 1,400. పెయింటింగ్ చార్జీలో పావు వంతును రంగు ఖరీదు కింద లెక్కగట్టి అందులో సగం కోస్తారు. 10,000కు అది 1,250. 1500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిమ్‌లోనూ తప్పనిసరిగా పోయే 1,000 కలిపితే 9,150. చిల్లర మల్లర వేరే.

అసలు దెబ్బ ఎన్‌సీబీ మీద, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే రాయితీ మీద. ఇప్పుడు మీది 45 శాతం ఉండాలి. క్లెయిమ్ చేయకపోతే వచ్చే రెన్యువల్‌లో 50. చేస్తే సున్నాకి పడి, ఆపై ఏడాదికో మెట్టు చొప్పున 20, 25, 35, 45 అంటూ మళ్లీ ఎక్కాలి. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం రాయితీకి ముందు 9,000 అన్నారు. ఈ ఐదు రెన్యువల్స్‌లో పోయే రాయితీ 11,250. కారు విలువ తగ్గేకొద్దీ ప్రీమియమూ తగ్గుతుంది కాబట్టి సుమారు 10,000 అనుకోండి. అంటే ‘ఫ్రీ’గా అయ్యే రిపేరుకు మీరు పెట్టేది 19,000 పైమాటే! కారు అమ్మేసినా ఎన్‌సీబీ మీతోనే కొత్త కారుకు వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. పాలసీలో ఎన్‌సీబీ ప్రొటెక్ట్ (క్లెయిమ్ చేసినా ఆ రాయితీ పోకుండా కాపాడే కవర్) ఉంటే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, ముందు అది చూడండి.

ఆటో మీద తప్పు నిరూపించి దాని ఇన్సూరెన్స్ నుంచి రాబట్టాలంటే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఈ మొత్తానికి అంత తిరుగుడు దండగ.

అలాగని షెడ్డుకు వెంటనే తాళాలు ఇచ్చేయకండి. కంపెనీ పార్ట్సే 15,000 అయితే మొత్తం పని 17,000కి ఎలా పూర్తవుతుందని అడగండి. ఫెండర్ మార్చకుండా టింకరింగ్ చేస్తామంటే మంచిదే, సొట్టకు అది చాలు. బంపర్ చీలిక మధ్యలో ఉంటే అతికించవచ్చు. క్లిప్పులు పట్టే చోట విరిగితే మాత్రం కొత్తదే వేయించండి, లేకపోతే ఆరు నెలలకే వేలాడుతుంది. హెడ్‌లైట్ దగ్గర రాజీ వద్దు, కంపెనీదే అడగండి. డూప్లికేట్ వాటిలో కొన్ని ఒక వానాకాలానికే లోపల ఆవిరి పడతాయి. వీటన్నిటినీ భాగాలవారీగా కాగితం మీద రాయించుకోండి. పాత పార్ట్స్ తిరిగి ఇమ్మనండి. అడ్వాన్స్ సగానికి మించి ఇవ్వకండి.

రంగు దగ్గరే షెడ్డుకీ షెడ్డుకీ తేడా తెలుస్తుంది. పెయింట్ బూత్ ఉందా, ఆరుబయట కొడతారా చూడండి. బండి తీసుకునేటప్పుడు సాయంత్రం లైట్ల కింద కాదు, ఎండలో చూడండి. ఫ్రిజ్ మీద పెట్టే చిన్న మాగ్నెట్‌ను గుడ్డలో చుట్టి ఫెండర్ మీద ఆనించండి. అవతలి ఫెండర్‌కు గట్టిగా పట్టి, ఇక్కడ జారిపోతుంటే కింద పుట్టీ దట్టంగా మెత్తారన్నమాట.

పని మొదలుపెట్టే ముందు బంపర్ విప్పించి వెనక చూడమనండి, ఫొటోలు తీసుకోండి. లోపలి బీమ్ వంగినా, రేడియేటర్‌కు దెబ్బ తగిలినా ఖర్చు ఎక్కడికో పోతుంది, అప్పుడు క్లెయిమే నయం. దానికి ఇన్సూరెన్స్ వాళ్లు పంపే సర్వేయర్ చూసేదాకా పని ముట్టుకోనివ్వకూడదు. ఇప్పటికే వారమైంది, ఆలస్యమయ్యేకొద్దీ ఇన్సూరెన్స్ వాళ్ల ప్రశ్నలు పెరుగుతాయి. కాబట్టి ఈ ఒకటి రెండు రోజుల్లోనే విప్పించండి.