శైలికల మీద పరిశోధనకు వెళుతున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిత్తూరు

తల్లీ,

తిరుపతి ఐసర్‌లో నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందనీ, శైలికల, అంటే కణం మీద వెంట్రుకల్లా ఉండే సన్నని భాగాల, కొనలకు ప్రోటీన్లు ఎలా చేరి పోగవుతాయన్నదే నీ అంశమనీ మీ అమ్మ రాత్రి ఫోనులో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల ఆ పనికి వెళుతోందని గుండె నిండిపోయింది. ఆ తరువాత భయం పట్టుకుంది. నేనూ కొన్నేళ్లు ఆ సూక్ష్మదర్శిని ముందే కూర్చున్నదాన్ని కదా!

నోట్‌బుక్కులో తేదీ వేయడం, ప్రతి ప్రయోగానికీ కంట్రోల్ పెట్టడం, ఫొటోలను రెండు చోట్ల దాచడం నీకు తెలిసినవే. వాటి గురించి ఇంతకంటే రాయను.

నేను రాయాలనుకున్నది మా ల్యాబులో జరిగిన ఒక పొరపాటు గురించి. శైలికలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు ఉండవు. అక్కడికి కావలసిన ప్రతి ప్రోటీనూ కణదేహంలో తయారై లోపలికి రావలసిందే. పెరుగుదల కొన దగ్గర జరుగుతుంది కాబట్టి శైలికను కట్టే ప్రోటీన్ అయిన ట్యూబ్యులిన్ చివరిదాకా వెళ్లాలి. 1993లో శాస్త్రవేత్త రోసెన్‌బామ్ బృందం క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలపు కశాభాల్లో (అవీ శైలికల వంటివే) ఈ రాకపోకలను కళ్లారా చూసింది. సరుకును కొన వైపు లాగే మోటారు ప్రోటీన్ కైనెసిన్-2, వెనక్కి తెచ్చేది డైనీన్. 2016లో ఇంకో సంగతి బయటపడింది. శైలిక లోపలి జంట నాళికల్లో, ప్రోటీన్లను మోస్తూ వెళ్లే బారులు ఒక నాళిక మీద, వచ్చే బారులు పక్క నాళిక మీద నడుస్తాయట. తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగే ఘాట్ రోడ్డు వేరు అయినట్టే. దిగే దారిలో బండరాళ్లు పడితే బస్సులన్నీ కొండ మీదే ఆగిపోతాయి. ఆ పూట పైన తీసిన ఫొటో ఒక్కటే చూసినవాళ్లు, ఇవాళ బస్సులు ఎక్కువ వేశారనుకుంటారు.

మా సీనియర్ ఒకామె సరిగ్గా అలాగే అనుకుంది. చురుకైన మనిషి, చేతి పని ఎంతో శుభ్రం. ఒక మ్యుటెంటులో, అంటే జన్యువు మారిన రకంలో, కశాభాల కొనలు దీపాల్లా వెలుగుతూ కనిపించాయి. వెలిగే గుర్తు తగిలించిన ప్రోటీను కొనకు ఎక్కువగా చేరుతోంది, అంటే రవాణా పెరిగిందని రాసేసింది. గైడు మెచ్చుకున్నాడు, పోస్టరు తయారైంది. అన్నీ స్థిరపరిచిన కణాల ఫొటోలే. బతికి ఉన్న కణాన్ని ఒక్కసారీ చూడలేదు. ఒక సమావేశంలో వెనక వరుసలోని పెద్దాయన, తిరిగి వచ్చేవాటిని లెక్కపెట్టావా అమ్మా అని అడిగాడు. ఆమె దగ్గర జవాబు లేదు. వచ్చాక కణాలను గాజు పలకకు అతికించి వీడియో తీసింది. వీడియోలోని కదలికలను గీతలుగా చూపే కైమోగ్రాఫులో కొన వైపు వెళ్లే ఏటవాలు గీతలు మామూలుగానే ఉన్నాయి, తిరిగి వచ్చే గీతలు మాత్రం ఎక్కడో ఒకటి. పెరిగిందేమీ లేదు, తిరుగు దారి మూసుకుపోయింది. రెండు అధ్యాయాలు మళ్లీ రాసింది. ఆ రాత్రులలో ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. నీ ముఖం అలా చూడాల్సి వస్తుందేమోనన్నదే నా భయం.

కాబట్టి కొన మెరిసిందని చెప్పి ఆగిపోవద్దు. రాక ఎక్కువైందా, పోక తగ్గిందా, లేక అక్కడే ఏదో పట్టి ఉంచిందా? లేజరుతో కొనలోని వెలుగు ఆర్పి, మళ్లీ ఎంతసేపటికి వస్తుందో చూడు. త్వరగా నిండితే కొత్తవి వచ్చి పాతవి పోతున్నాయి. చీకటిగానే ఉండిపోతే పాతవే అక్కడ కదలకుండా కూర్చున్నాయి. ఈబీ1 వంటి ప్రోటీన్లు ఆ బారుల బండి ఎక్కకుండా తమంతట తామే విసరణతో కొన చేరతాయి. వాటికి గీతలు పడవు, గీతలు లేవని రవాణా చెడిందని రాయకు. క్షీరద కణాల్లో హెడ్జ్‌హాగ్ అనే ఎదుగుదల సంకేతం అందినప్పుడు, దాన్ని కేంద్రకానికి చేరవేసే గ్లై ప్రోటీన్లు కొనలో పోగవుతాయి, అక్కడ ఆ పోగే అసలు పని. ప్రతి పోగునూ తప్పుగా చూడకూడదు మరి.

వేడి సంగతి మరచిపోకు. కైనెసిన్ వేడికి పాడయ్యే ఫ్లా10 అనే క్లామిడోమోనాస్ మ్యుటెంటును తీసుకుంటే 22 డిగ్రీల దగ్గర కశాభాలు చక్కగా ఉంటాయి. 32 డిగ్రీలకు కైనెసిన్ పని మానేస్తుంది, కొద్ది గంటల్లో కశాభాలు కురచవుతాయి. మన తిరుపతిలో వేసవిలో ఏసీ ఆగిందంటే గదే 32 దాటుతుంది, నువ్వు ఏ ప్రయోగమూ మొదలుపెట్టకుండానే ఫలితం వచ్చేస్తుంది! సూక్ష్మదర్శిని పక్కనే థర్మామీటరు పెట్టి, ప్రతి వీడియో ముందూ వెనకా చదివి రాసుకో. ఇందులో బద్ధకిస్తే నేను ఊరుకోను.

తాతయ్య కిడ్నీల నిండా నీటి బుడగలు వచ్చినప్పుడు నువ్వు చాలా చిన్నదానివి. పాడైతే ఆ జబ్బు తెచ్చే పాలీసిస్టిన్ అనే ప్రోటీన్లు శైలికల్లోనే ఉంటాయని చదివి నువ్వు ఈ దారి ఎంచుకున్నావని నాకు తెలుసు, మీ అమ్మ చెప్పకపోయినా. ఆ ప్రేమే నిన్ను తొందరపెడుతుంది. తాతయ్య కోసం చేస్తున్నానని త్వరగా తేల్చేయకు నాన్నా, ఆయన ఏ పనీ అలా చేసిన మనిషి కాదు.

మీ ఐసర్ ఉన్న ఏర్పేడు నుంచి రాత్రి పొద్దుపోయాక ఒంటరిగా బయలుదేరకు. చీకటి గదిలో గంటల తరబడి కూర్చుంటే మధ్యలో లేచి ఏదైనా తిను. మొదటి కైమోగ్రాఫు రాగానే నాకు పంపు. వెళ్లే గీతలనూ వచ్చే గీతలనూ విడివిడిగా లెక్కపెట్టి, వేగాలు కూడా వేరువేరుగా రాసి పంపాలి. ఒక వైపు లెక్కే ఉంటే చదవకుండా తిప్పి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ