మీరు అడిగినవి: బోరింగు పిడి, బోరు నీళ్ళు

ప్రశ్న: సార్, మా పాప డిగ్రీ హిస్టరీ నోట్సులో 1842లో మాంచెస్టర్ కూలోళ్ళు చనిపోయే సగటు వయసు 17 ఏళ్ళు అని రాసుంది. పదిహేడుకే పోతాంటే ఆ మిల్లుల్లో పని చేసిందెవరు? ఇంకోటి, మా బోరు నీళ్ళు తేటగా, తియ్యగా ఉంటాయి, ఇన్నేళ్ళుగా కాయించకుండానే తాగతాన్నాం. ఆ పాఠం చదివినప్పట్నుంచి మా పాప వద్దంటాంది. ఏం చేయమంటారు?
- ఒక గృహిణి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అక్కా, ముందు ఆ 17 సంగతి చెప్తా. దీంట్లో చానామంది పొరపాటు పడతారు, డిగ్రీలో నేనూ పడినా. ఒక ఇంట్లో ఐదుగురు పోయినారనుకోండి, ఒకరు 50 ఏళ్ళకి, ఒకరు 30కి, మిగతా ముగ్గురూ పసిబిడ్డలు, ఒకటీ రెండూ రెండేళ్ళవాళ్ళు. అందరివీ కలిపి ఐదుతో భాగిస్తే సరిగ్గా 17 వస్తుంది, కానీ ఆ ఇంట్లో పదిహేడేళ్ళకి పోయినోళ్ళు ఒక్కరూ లేరు. మిల్లుకి పోయింది బతికిన వాళ్ళు, సగటుని కిందికి లాగింది ఉయ్యాల్లో పోయిన బిడ్డలు.

ఆ లెక్క బయట పెట్టింది ఎడ్విన్ చాడ్విక్ అనే ఇంగ్లండ్ అధికారి, 1842 రిపోర్టులో. మాంచెస్టర్‌లో గొప్పింటోళ్ళకి 38, వ్యాపారస్తులకి 20, కూలోళ్ళకి 17. లివర్‌పూల్ ఇంకా అన్యాయం, కూలోళ్ళకి 15. మరి రట్లాండ్ అనే పల్లెటూరి జిల్లాలో పొలం కూలీకి ఎంతో తెలుసా, 38! అంటే మాంచెస్టర్‌లో గుర్రబ్బండిలో తిరిగే దొరకి ఎంతో పల్లెలో మట్టి పిసుక్కునే వాడికీ అంతే. డబ్బు ఒక్కటే కారణమయితే ఇట్ల రాదు గదా, ఊరే మనుషుల్ని తింటాంది. మిల్లులొచ్చినాయి, జనం విరగబడి వచ్చినారు, వాళ్ళకోసం ఇంటి వీపుకి ఇంకో ఇంటి వీపు ఆనించి వరసలు వరసలుగా కట్టేసినారు, వెనక కిటికీ లేదు, గాలి లేదు, వీధంతటికీ కలిపి ఒకటో రెండో కక్కసులు, లివర్‌పూల్‌లో అయితే నేల కింది సెల్లార్లల్లో కూడా కుటుంబాలు కాపురం పెట్టినాయి.

ఇంక మీ బోరు. దీనికి లండన్ కథ ఒకటి చెప్పాల్సిందే. 1854లో సోహో అనే పేటలో, బ్రాడ్ స్ట్రీట్‌లో ఒక చేతిపంపు ఉండేది, మన బోరింగు లాగ అనుకోండి. దాని నీళ్ళు బాగుంటాయని పేరు. ఆ పేటలో ఉండి హాంప్‌స్టెడ్‌కి మారిపోయిన ఒక పెద్దావిడకి ఆ రుచి మరుపు రాక, అంతదూరం రోజూ బండిలో తెప్పించుకునేది. కలరా వచ్చినప్పుడు హాంప్‌స్టెడ్‌లో ఆమె పోయింది, ఆమె దగ్గరికొచ్చి ఆ నీళ్ళు తాగిన మేనకోడలు కూడా పోయింది. అదే వీధిలో బీరు తయారుచేసే ఫ్యాక్టరీ పనోళ్ళు ఆ పంపు జోలికే పోలేదు, వాళ్ళకి బీరు ఉంది, సొంత బావీ ఉంది, కాబట్టి బతికిపోయినారు. (దీన్ని చూపించి మా బావ ఒకాయన ఏదో వాదన మొదలుపెట్టినాడు, ఆయన పేరు ఇక్కడ రాయను.)

ఆ పంపులోకి కలరా ఎట్ల పోయిందంటే, పక్కనే 40వ నంబరు ఇంట్లో ఒక పసిబిడ్డకి విరేచనాలు, తల్లి గుడ్డలు ఉతికిన నీళ్ళు ఇంటి ముందు మురుగుగుంటలో పోసేది. తర్వాత తవ్వి చూస్తే గుంట ఇటుకలు వదులైపోయినాయి, పంపు బావికీ దానికీ నడుమ మూడడుగులు కూడా లేదు. చూడ్డానికి మాత్రం ఆ నీళ్ళు తేటగానే ఉన్నాయి.

ఇది చదివినాక నేను టేపు తీసుకోని మా ఇంటి బోరుకీ సెప్టిక్ ట్యాంకుకీ కొలిచినా. 11 అడుగులు. మేస్త్రీని అడిగితే "నేల గట్టిది సార్, ఏం కాదు" అన్నాడు, ఆ రోజు నుంచి మా ఇంట్లో స్టవ్ మీద నీళ్ళ గిన్నె దిగలేదు. మీరూ కొలవండి. బాగా మసిలినాక ఒక్క నిమిషం ఉంచితే చాలు, ఆ క్రిములు ఉండవు. టెస్టు కావాలంటే చిన్న సీసాలు వస్తాయి, నీళ్ళు పోసి ఒకట్రెండు రోజులు పెడితే మలం కలిసిన నీళ్ళయితే నల్లగా మారతాయి. కాయించమన్న మీ పాపే కరెక్టు.

ప్రశ్న: అన్నా, జాన్ స్నో పంపు పిడి ఊడబీకగానే కలరా ఆగిపోయిందంటారు. నిజమేనా?
- డిగ్రీ స్టూడెంట్, చిత్తూరు

జవాబు: పూర్తిగా కాదు తమ్ముడూ. స్నో లండన్ డాక్టరు, పైన చెప్పిన బ్రాడ్ స్ట్రీట్ కలరా ఆ పంపు నీళ్ళ వల్లే అని చెప్పి అధికారుల చేత పిడి తీయించినాడు. పిడి తీసింది సెప్టెంబర్ 8న, అప్పటికే జనం పారిపోయి సావులు తగ్గుముఖం పట్టినాయి, ఆ మాట స్నోనే రాసుకున్నాడు. జబ్బు తగ్గినాక అధికారులు పిడి మళ్ళీ బిగించేసినారు కూడా! నీళ్ళల్లో రోగం ఉందంటే చానామంది నమ్మలేదు, ఎక్కువమందిది ఒకటే మాట, రోగం కంపులో ఉంది, గాలిలో ఉంది. పైన చెప్పిన చాడ్విక్ కూడా ఆ బాపతే. కంపు పోవాలని ఇళ్ళ మురుగంతా థేమ్స్ నదిలోకి తోయించినాడు, ఆ నదిలోంచే కంపెనీలు తాగేనీళ్ళు తోడతాన్నాయి, ఇంక చూస్కో. 1848-49లో ఇంగ్లండ్, వేల్స్‌లో కలరాకి 50 వేల మందికి పైనే పోయినారు.

స్నోకి అసలు బలమైన ఆధారం పంపు కాదు, రెండు నీళ్ళ కంపెనీలు. లాంబెత్ కంపెనీ 1852లో నీళ్ళు తోడే చోటుని నది పైకి, మురుగు కలవని దగ్గరికి మార్చింది. సౌత్‌వర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మార్చలేదు. ఒకే వీధిలో ఈ ఇంటికి ఆ పైపు, పక్కింటికి ఈ పైపు. స్నో ఇల్లిల్లూ తిరిగి లెక్క తీస్తే, పదివేల ఇళ్ళకి లాంబెత్ నీళ్ళు తాగినోళ్ళల్లో 37 సావులు, రెండో దాంట్లో 315. గాలి ఇద్దరిదీ ఒకటే గదా!

అయినా పార్లమెంటు కదిలింది ముక్కు వల్లే. 1858 ఎండాకాలంలో థేమ్స్ కంపుకి సభ్యులు కూర్చోలేక కర్టెన్లు సున్నపు బ్లీచింగులో తడిపి వేలాడదీసుకున్నారు, అప్పుడు గబగబా చట్టం చేసి బజల్‌గెట్ అనే ఇంజనీరు చేతికి డబ్బిచ్చినారు. స్నో ఆ జూన్‌లోనే 45 ఏళ్ళకి పోయినాడు పాపం. కంపు భయంతో కట్టిన ఆ పెద్ద కాలువలే నీళ్ళల్లోంచి మలాన్ని తప్పించినాయి. తప్పు లెక్కకి కరెక్టు ఆన్సర్ వచ్చినట్టయింది.

1866లో కలరా ఆఖరుసారి లండన్‌కి వచ్చినప్పుడు ఎక్కువ ఎక్కడ చంపిందో తెలుసా, కాలువ పని ఇంకా పూర్తికాని తూర్పు పేటల్లో. అక్కడి నీళ్ళ కంపెనీ మేం వడగట్టే ఇస్తాన్నాం అనింది. అదే నిజమైతే ఆ పేటోళ్ళ పైపుల్లోకి పాముల్లాంటి మలుగు చేపలు ఎట్ల వచ్చినాయి మరి?