ఫ్లోరు కింద మాస్టర్ సిలిండర్: డిస్క్‌కి 2, డ్రమ్‌కి 10

ప్రశ్న: పాత జీపుకి ముందు డిస్కులు వేయించాను, వెనక డ్రమ్ములే. టాండెమ్ (ముందు, వెనక లైన్లకి వేరువేరు గదులున్న) మాస్టర్ సిలిండర్ ఫ్లోరు కింద ఛాసిస్‌కే ఉంది. బండి కాసేపు ఆపితే మొదటిసారి తొక్కగానే పెడల్ లోపలికి పోతోంది, రెండోసారికి గట్టిపడుతోంది. రెండు లైన్లకీ 10 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) రెసిడ్యువల్ వాల్వులు, అంటే పెడల్ వదిలాక కూడా లైనులో కాస్త ఒత్తిడి నిలిపేవి, పెడదామంటున్నాడు మెకానిక్. పెట్టించమంటారా? (బొబ్బిలి పాఠకుడు)

జవాబు: ముందు లైనుకి 10 పెట్టించకండి. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే బలమైన స్ప్రింగులుంటాయి, 10 పీఎస్ఐ వాటిని కదపలేదు. వీల్ సిలిండర్‌లోని రబ్బరు కప్పుల అంచు గోడకి ఆనుకుని గాలి పీల్చకుండా మాత్రం చూస్తుంది. డిస్క్‌కి ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లో అలాంటి స్ప్రింగు లేదు. అదే 10 అక్కడుంటే ప్యాడ్లు డిస్క్‌ని రాసుకుంటూనే ఉంటాయి. సాలూరు ఘాట్ దిగేసరికి ఆయిల్ మరిగి పెడల్ చేతులెత్తేస్తుంది. డిస్క్‌కి 2 చాలు. అది సుమారు 1.3 మీటర్ల ఎత్తున్న ఆయిల్‌ని ఆపగలదు, జీపులో కాలిపర్‌కీ మాస్టర్‌కీ మధ్య అంత ఎత్తు ఉండదు.

వాల్వు కొనేముందు ఒక్క పరీక్ష చేయండి. పెడల్ గట్టిపడ్డాక వదిలి, పది సెకన్లు ఆగి మళ్లీ తొక్కండి. అప్పుడే లోపలికి పోతే తప్పు వెనక షూల గ్యాప్‌ది, అడ్జస్టర్ బిగించాలి. నిలబెట్టి కొన్ని నిమిషాలయ్యాకే పోతే ఆయిల్ కిందున్న మాస్టర్‌లోకి వెనక్కి జారుతున్నట్టు, వాల్వు దానికే. గతుకుల రోడ్డు మీద నడిపాకే పోతే ముందు చక్రాల బేరింగులు చూడండి. లూజైతే డిస్క్ ఊగి ప్యాడ్లను వెనక్కి నెడుతుంది.

డ్రమ్ బండికి చేసిన మాస్టర్ అయితే వాల్వు లోపలే ఉండొచ్చు. పైపు విప్పి పోర్టులోకి సన్నటి తీగ మెల్లగా పెట్టండి. రబ్బరుకి మెత్తగా తగిలి ఆగితే ఉన్నట్టే. వెనక బ్రేకులకి వెళ్లే పోర్టులో ఉంటే ఇంకోటి అక్కర్లేదు. ముందు బ్రేకులకి వెళ్లే పోర్టులో ఉంటే తీయించాల్సిందే.

సాధారణంగా నీలం రంగుది 2, ఎరుపుది 10. బాణం గుర్తు చక్రాల వైపు ఉండాలి. మాస్టర్‌కి దగ్గరగా, ప్రపోర్షనింగ్ వాల్వు (వెనక బ్రేకుల ఒత్తిడి తగ్గించేది) ఉంటే దానికి ముందు, సైలెన్సర్ పైపుకి దూరంగా బిగించండి. మరలకి టెఫ్లాన్ టేపు చుట్టనివ్వకండి. చిన్న పోగు ఊడి వాల్వు సీటు మీద పడినా అది సరిగ్గా మూసుకోదు. ఎన్‌పీటీ (చివరికి సన్నబడే) మరలకి బ్రేక్ ఆయిల్‌ని తట్టుకునే లిక్విడ్ సీలెంట్ వాడాలి, ఫ్లేర్ జాయింటుకి (పైపు అంచు విప్పార్చి బిగించేదానికి) ఏదీ వద్దు. పైపు స్టీలుది గానీ కాపర్-నికెల్‌ది గానీ వేయాలి, ఏసీ రాగి గొట్టం పనికిరాదు.

బ్రేకు లైన్లలో గాలి తీసాక ముందు భాగం జాకీ మీద లేపి, ఒకసారి తొక్కి వదిలి చక్రం చేత్తో తిప్పండి. ప్యాడ్లు కాస్త రాసుకున్నా తేలిగ్గా తిరగాలి. పట్టేసిందా, మాస్టర్ దగ్గర పైపు నట్టు కొంచెం వదులు చేయండి. అప్పుడు చక్రం వదిలితే పెడల్ నుంచి మాస్టర్‌ని నెట్టే పుష్‌రాడ్‌కి ఫ్రీ ప్లే (ఖాళీ) లేదు, 1 మిల్లీమీటరైనా ఇవ్వాలి. వదలకపోతే వాల్వు తర్వాతి జాయింటు వదులు చేయండి. అక్కడ వదిలితే వాల్వు మార్చాలి. అక్కడా వదలకపోతే కాలిపర్ పిస్టన్ విప్పి చూడాలి.