అద్దె బాకీ ఉందని ఇంటికి తాళం వేస్తే?

ప్రశ్న: విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఒక కింది పోర్షన్‌లో ఆరేళ్లుగా అద్దెకు ఉంటున్నాం. ఇళ్లలో పని చేసుకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాను. మూడు నెలల అద్దె బాకీ ఉందని మార్చి 4న నేను పనికి వెళ్లినప్పుడు ఓనరు తాళం వేశాడు. సామానంతా లోపలే ఉంది. కొన్నాళ్లు కార్పొరేషన్ నైట్ షెల్టర్‌లో, కొన్నాళ్లు మంగళగిరిలో అక్క దగ్గర తలదాచుకుంటున్నాం. పోలీసులు సివిల్ మ్యాటర్ అన్నారు. కలెక్టరేట్‌లో మూడుసార్లు అర్జీ పెట్టాను. జూలై వచ్చేసింది. ఖాళీ చేసినట్టు రాసిస్తే అడ్వాన్సు 20,000 ఇచ్చేస్తానంటున్నాడు ఓనరు. తాళం పగలగొడదామంటున్నాడు మా తమ్ముడు. అగ్రిమెంటు 2024 వరదలో పోయింది. ఆరేళ్లు ఉన్నాం కదా, ఆ ఇంటి మీద మాకేమీ హక్కు లేదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇంటి మీద హక్కు రాదమ్మా. ఆరేళ్లు కాదు, ముప్పై ఏళ్లున్నా అద్దెకున్నవారు ఓనర్లు కారు. ఆ ఆలోచన వదిలేయండి. మీ కేసును తేల్చేది ఒక్క మాటే: మార్చి 4న ఆ పోర్షన్ మీ స్వాధీనంలో ఉందా, లేదా?

ఉంటే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 మీకు చాలు. కోర్టు ఉత్తర్వు లేకుండా, మీ ఇష్టం లేకుండా బయటికి నెట్టినవాడు, ఇల్లు తనదే అయినా సరే, స్వాధీనం తిరిగి ఇవ్వాలి. ఈ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. అద్దె బాకీ ఉందనేది కూడా జవాబు కాదు. బాకీ ఉంటే వసూలుకో, ఖాళీ చేయించడానికో అతనే కేసు వేసుకోవాలి.

అయితే ఈ దావా బయటికి నెట్టిన రోజు నుంచి ఆరు నెలల లోపే వేయాలి. మీకు గడువు సెప్టెంబరు 4. అప్పీలుకైతే ఆలస్యం మన్నించమని అడగొచ్చు, దావాకు ఆ వీలు లేదు. మీరు నాలుగు నెలలు అర్జీలతో గడిపేశారు. కలెక్టరేట్ అర్జీకి గానీ, పోలీసు ఫిర్యాదుకు గానీ, పెద్దమనుషుల పంచాయితీకి గానీ ఆ గడియారం ఆగదు. ఆరు నెలలు దాటితే ఎవరి హక్కు గట్టిదన్న మామూలు దావాయే మిగులుతుంది. అక్కడ రిజిస్టర్డ్ దస్తావేజు పట్టుకుని నిలబడేది ఓనరు.

ఇక సాక్ష్యం. అగ్రిమెంటు పోయిందని కంగారు అక్కర్లేదు. వరద సాయం కింద కింది అంతస్తు ఇళ్లకు ఇచ్చిన 25,000 మీ ఖాతాలో పడి ఉంటే ఆ పాస్‌బుక్ పేజీ మంచి కాగితం. కానీ అది 2024 సెప్టెంబరులో మీరు అక్కడున్నారని మాత్రమే చెబుతుంది. కోర్టుకు కావలసింది ఈ ఫిబ్రవరి, మార్చి నెలల ఆధారం: గ్యాస్ బండ డెలివరీ వివరాలు, పిల్లల స్కూలు రికార్డులో చిరునామా, ఓనరు నంబరుకు ఫోన్‌పేలో పంపిన డబ్బు, అతని వాట్సాప్ మెసేజీలు. ఫోన్‌లో ఉన్నవాటిని భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో (ఫోన్‌లోంచి తీసిన కాపీలు అసలువేనని ఇచ్చే ధ్రువపత్రం) దాఖలు చేయాలి. ఫోన్ మార్చకండి, ఏదీ డిలీట్ చేయకండి. ఆరేళ్లూ నగదు ఇచ్చి ఒక్క రసీదైనా తీసుకోకపోతే మాత్రం అది మీ నిర్లక్ష్యమే. అప్పుడు పక్క పోర్షన్ వాళ్ల సాక్ష్యం తప్పదు.

తాళం వేసిన తేదీకి మీ మొదటి పోలీసు ఫిర్యాదు రసీదు పనికొస్తుంది. రసీదు లేకపోతే, అదే ఫిర్యాదును ఇప్పుడైనా పోలీస్ కమిషనర్‌కు స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు వచ్చే రుజువు దాచండి. నైట్ షెల్టర్ రిజిస్టరులో మీ పేరు ఎక్కిన తేదీ కూడా ముఖ్యమే. ఆ పేజీ కాపీ అడగండి. అక్క దగ్గర ఉంటున్నామని ఆధార్, బియ్యం కార్డు మంగళగిరికి మార్చకండి. మీరే వెళ్లిపోయారనడానికి అతనికి అదే ఆధారమవుతుంది.

అడ్వాన్సు కోసం ఆ కాగితం మీద సంతకం మాత్రం పెట్టొద్దు. ‘ఇష్టపూర్వకంగా ఖాళీ చేశాను’ అన్న ఒక్క వాక్యంతో సెక్షన్ 6 దావా చచ్చిపోతుంది. ఖాళీ కాగితమైనా అంతే. తాళం పగలగొట్టడం ఇంకా చేటు. ఈ రోజు మీరు ఫిర్యాదుదారు, రేపు మీ తమ్ముడు నిందితుడు. పైగా లోపలి బంగారం పోయిందని మీరు అనలేరు, మీరే తీశారని అతను అంటాడు.

డబ్బు లేదని ఆగకండి. లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, అందులో కోర్టు ఫీజు కూడా వస్తుంది. విజయవాడ కోర్టుల్లోని న్యాయసేవల కమిటీకి ఈ వారమే వెళ్లండి. న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. దావాతోపాటే రెండు పిటిషన్లు వేయమని మీ వకీలును అడగండి: అడ్వొకేట్ కమిషనర్ (కోర్టు నియమించే వకీలు) సమక్షంలో తాళం తీసి సామాను జాబితా రాయించడానికి ఒకటి, దావా తేలేదాకా లోపల ఉండనివ్వమని మధ్యంతర ఉత్తర్వుకు మరొకటి. ఈలోగా వేరేవాళ్లను అద్దెకు దింపితే, ఇల్లు అమ్మేస్తే, వాళ్లనూ ప్రతివాదులుగా చేర్చాలి. అందుకని వారానికోసారి అటు వెళ్లి చూసి రండి. మూడు నెలల బాకీ మనియార్డరులో పంపండి. తిరిగొస్తే ఆ కాగితం కోర్టులో పెట్టండి. నోటీసు ఇచ్చి జవాబు కోసం కూర్చోవద్దు, ఈ దావాకు ముందస్తు నోటీసు అక్కర్లేదు.

(కాలువ గట్ల మీద గుడిసెలను ప్రభుత్వ అధికారులు తీసేయగా నిలువనీడ పోయినవాళ్లు ఇది చదివి ఆశపడొద్దు. ప్రభుత్వం మీద సెక్షన్ 6 చెల్లదు. వారిది హైకోర్టులో రిట్ పిటిషన్ వేసే దారి.)

గెలిచి లోపలికి వెళ్లినా, అతను చట్టప్రకారం మళ్లీ ఖాళీ చేయించగలడు. కాబట్టి దావా వేశాక లోక్ అదాలత్‌లో రాజీకి వస్తే కాదనకండి. ఇంకో ఇల్లు చూసుకోవడానికి ఆరు నెలల గడువు, బాకీ మినహాయించుకుని అడ్వాన్సు, సామాను అప్పగింత, ఈ మూడూ అవార్డులో (లోక్ అదాలత్ ఇచ్చే రాజీ తీర్పులో) తేదీలతో రాయించుకోండి. అది కోర్టు డిక్రీతో సమానం, మాట తప్పితే నేరుగా అమలుకు వెళ్లొచ్చు. అడ్వాన్సు చేతికి వచ్చిన రోజే తాళంచెవి ఇవ్వాలి, ముందు కాదు.