పాటల పరికరాల్లో ముందు మార్చవలసింది ఏది?

ప్రశ్న: ఫోన్‌లోని స్ట్రీమింగ్ యాప్ నుంచి బ్లూటూత్ ద్వారా 50 వాట్ల యాంప్లిఫయర్‌కు పంపి, రెండు చిన్న స్పీకర్లలో కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు వింటూ ఉంటాను. గది 12 అడుగుల నలుచదరం. స్పీకర్లు టీవీ షోకేసు అరల్లో ఉన్నాయి. మృదంగం మోత ఎక్కువై గాత్రాన్ని కప్పేస్తున్నది. ఈ ఏడాది 60,000 రూపాయలు ఖర్చు పెట్టగలను. మూలం, అంటే పాటను అందించే పరికరం, బాగుంటేనే తక్కినవన్నీ బాగుంటాయని, ముందు 45,000 రూపాయల డాక్ (అంకెల రూపంలోని పాటను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) కొనమని దుకాణదారు అంటున్నారు. ఆయన మాట వినవచ్చునా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: దుకాణదారు ఆ మాటను సొంతంగా కల్పించలేదు, దానికి యాభై ఏళ్ల చరిత్ర ఉంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకు చెందిన లిన్ సంస్థ 1970ల తొలినాళ్లలో ఎల్‌పీ 12 అనే టర్న్‌టేబుల్‌ను, అంటే రికార్డులు తిప్పే యంత్రాన్ని, తెచ్చి, స్పీకర్ల కంటే ముందు మూలానికే డబ్బు పెట్టాలని గట్టిగా వాదించింది. రికార్డుల కాలానికి ఆ వాదన సరైనదే. రికార్డు గాడిలో ముల్లు కదలికే సంగీతం కాబట్టి, మోటారు కాస్త వణికినా ఆ వణుకు పాటలో కలిసిపోయేది, తరవాత ఎంత గొప్ప స్పీకరు పెట్టినా దాన్ని విడదీయడం సాధ్యమయ్యేది కాదు. స్ట్రీమింగ్‌లో ముల్లు లేదు. వచ్చేది అంకెల వరుస, అది చెక్కుచెదరకుండా చేరిందో లేదో యంత్రాలే సరిచూసుకుంటాయి. ఆ అంకెలను విద్యుత్ సంకేతంగా మార్చే డాక్‌లలో చవకవి కూడా ఇప్పుడు చెవికి అందనంత స్వల్పమైన వక్రీకరణతో పని చేస్తున్నాయి. చిన్న స్పీకర్లలోనైతే, కాస్త బిగ్గరగా పెట్టగానే మంద్ర స్వరాల వక్రీకరణ ఒక శాతాన్ని తేలికగా దాటుతుంది. లోపం ఎక్కడ ఎక్కువో అక్కడే ఖర్చు పెట్టాలి గనుక, మీ వరుస ఆయన చెప్పినదానికి తలకిందులుగా ఉండాలి: ముందు గది, తరవాత స్పీకర్లు, అవసరమైతే యాంప్లిఫయర్, అన్నిటికంటే చివర ఖరీదైన డాక్.

గది పనికి దాదాపు ఖర్చు లేదు. స్పీకర్లను ముందుగా షోకేసులోంచి బయటికి తీయండి. అన్ని వైపులా చెక్క కమ్ముకున్న అరలో మంద్రం ఉబ్బిపోతుంది, మీరు చెబుతున్న మోతలో పెద్ద పాలు దానిదే కావచ్చు. గోడ నుంచి రెండడుగుల ఎడంగా, ట్వీటర్ (స్పీకరులో హెచ్చు స్వరాలు పలికే చిన్న భాగం) మీ చెవి ఎత్తుకు వచ్చేలా వాటిని నిలబెట్టండి, స్టాండ్లు కొనేవరకు గట్టి స్టూళ్లు చాలు. స్పీకర్ల మధ్య ఎంత దూరం ఉంటుందో, ఒక్కొక్క స్పీకరుకూ మీకూ మధ్య దాదాపు అంతే ఉండాలి.

గది నలుచదరం కావడం మరో చిక్కు. 12 అడుగుల ఎడంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ దాని రెట్టింపు 94 హెర్ట్జ్ దగ్గర ధ్వని అటూ ఇటూ తగులుతూ ఉబ్బిపోతుంది, పొడవు వెడల్పులు సమానం కాబట్టి రెండు జతల గోడలూ అవే స్వరాలను పెంచుతాయి. తొప్పి (మృదంగంలో మంద్రం పలికే ఎడమ వైపు) మీద పడిన దెబ్బ ఆగవలసిన చోట ఆగక గుమ్మని సాగేది అందుకే. వెనక గోడకు ఆనుకుని కూర్చుంటే ఈ మోత మరీ ఎక్కువ. గది నట్టనడుమ కూర్చుంటే ఆ 47 దగ్గరి మంద్రం దాదాపు మాయమవుతుంది. తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా మోగే ఘట్టం) ఉన్న కచేరీ ఒకటి పెట్టి, వెనక గోడ నుంచి కుర్చీని జానెడు జానెడు ముందుకు జరుపుతూ వినండి. ఒకచోట తొప్పి దెబ్బలు విడివిడిగా తెలుస్తాయి, కుర్చీని అక్కడే ఉంచేయండి. ఇక టైల్స్ నేల, బోడి గోడలు, పైన స్లాబు ఉన్న గదిలో చప్పట్లు కొడితే టింగుమనే తోక వినిపిస్తుంది. మీ పక్కనే దొరికే ఓరుగల్లు జంపఖానా పరిస్తే ఆ టింగుమనడం కొంత తగ్గుతుంది గాని, మందపాటి పరుపు చేసేంత పని అది చేయలేదు, మంద్రం జోలికైతే అసలు పోదు.

ఇవన్నీ అయ్యాక బ్లూటూత్ సంగతి చూడండి. సీడీ నాణ్యతకు సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. బ్లూటూత్‌లో మేలైనదిగా పేరున్న ఎల్‌డాక్ పద్ధతికి కూడా గరిష్ఠం 990 మాత్రమే, మామూలు పద్ధతులు అందులో సగానికి కూడా రావు. కాబట్టి పాట మరోసారి కుదింపుకు గురై వస్తుంది. పైగా ఎవరైనా ఫోన్ చేస్తే రాగం మధ్యలో రింగు మోగుతుంది. డాక్ లోపలే ఉన్న సాధారణ వై-ఫై స్ట్రీమర్ (ఇంటర్నెట్ నుంచి పాటను నేరుగా తెచ్చుకునే పరికరం) ఒకటి తీసుకుంటే ఈ రెండు బాధలూ తీరతాయి, వేరే డాక్ అవసరమూ తీరుతుంది. యాప్ సెట్టింగుల్లో నాణ్యత ‘ఆటోమేటిక్’ అని ఉంటే దాన్ని పై మెట్టుకు మార్చడం మరచిపోవద్దు.

మిగిలిన సొమ్మంతా స్పీకర్లకే కేటాయించండి. మీ గదికి 50 వాట్లు ధారాళంగా సరిపోతాయి, ఇంట్లో మామూలుగా వినేటప్పుడు ఖర్చయ్యేది ఒకటి రెండు వాట్లే. అయితే కొనేటప్పుడు సెన్సిటివిటీ అంకె, అంటే ఇచ్చిన వాట్లకు స్పీకరు ఎంత బిగ్గరగా పలుకుతుందో చెప్పే అంకె, చూడండి: 88 డెసిబెల్ స్పీకరు ఇచ్చే ధ్వనిని 85 డెసిబెల్ స్పీకరుతో రాబట్టాలంటే రెట్టింపు వాట్లు కావాలి. దుకాణానికి మీరు బాగా ఎరిగిన గాత్ర కచేరీలనే తీసుకువెళ్లండి. పాత సినిమా పాటల విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. రికార్డింగులో లేనిదాన్ని ఏ స్పీకరూ తేలేదు, మంచి స్పీకర్లయితే ఇన్నాళ్లూ వినిపించని టేపు బుసను కూడా వినిపిస్తాయి.

దుకాణదారు అప్పటికీ డాక్ మాటే ఎత్తితే, పాతదాన్ని కొత్తదాన్ని సమానమైన ధ్వని స్థాయిలో, ఏది మోగుతున్నదో మీకు తెలియకుండా మార్చి మార్చి వినిపించమనండి. స్థాయిలో ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా, బిగ్గరగా ఉన్నదే మేలని చెవి తీర్పు చెప్పేస్తుంది.

ప్రశ్న: కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మా స్పీకర్లలో గుర్రుమనే శబ్దం వస్తున్నది. పవర్ కండిషనర్ (కరెంటులోని అలజడిని వడకట్టే పరికరం), ఖరీదైన స్పీకర్ తీగలు కొనమని మా మరిది సలహా. ఏది ముందు కొనాలి? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: రెండూ వద్దమ్మా. కరెంటు ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండి, ఇన్వర్టర్ మీద మాత్రమే గుర్రుమంటే, మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. మన సరఫరా 50 హెర్ట్జ్ నున్నని తరంగం. స్క్వేర్ వేవ్‌లో దానితో పాటు 150, 250 హెర్ట్జ్ వంటి అదనపు స్వరాలు కలిసివస్తాయి, మీకు వినిపిస్తున్న గుర్రు అవే. ఇన్వర్టర్ మార్చే రోజున నున్నని తరంగం ఇచ్చే సైన్ వేవ్‌ది తీసుకోండి, అంతవరకు కరెంటు లేని గంటలో పాటలు హెడ్‌ఫోన్‌లో వినడమే మేలు. కరెంటు ఉన్నప్పుడు కూడా సన్నని హమ్ వస్తుంటే, టీవీకి వచ్చే కేబుల్ తీగను ఒకసారి ఊడదీసి చూడండి. హమ్ ఆగిపోతే దోషం ఎర్తింగ్ దారిలో ఉన్నట్టు, దానికి కావలసింది ఎలక్ట్రీషియనే. తీగల విషయానికి వస్తే, ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను స్పీకరుకు మూడు మీటర్లు వాడినా, రానూ పోనూ కలిపి దాని నిరోధం 0.05 ఓముకు లోపే. 8 ఓముల స్పీకరుకు అది లెక్కలోకి రాదు.