థర్మామీటరు పక్కన పెట్టి, పాప చొక్కా విప్పి చూడండి

మీరు అడిగింది ఇది: తొమ్మిది నెలల పాపకి మూడు రోజులుగా జ్వరం, దగ్గు. సిరప్పు వేస్తే తగ్గుతోంది, మళ్లీ వస్తోంది. ఇంట్లో పెద్దవాళ్లు పళ్ల జ్వరమే అంటున్నారు. ఆసుపత్రికి ఎప్పుడు తీసుకెళ్లాలి?

100 ఉంటే ఇలా చేయండి, 102 ఉంటే అలా చేయండి అని చాలామంది చెప్తారు. నేను ఆ లెక్కలోకి వెళ్లను. మా బాబు ప్రాణం మీదికి వచ్చిన రాత్రి వాడి జ్వరం 99. అంతే. మూడు నెలలు నిండని పసిగుడ్డు అయితే వేరే మాట, 100.4 చూపించిందంటే ఇంకేమీ చూడక్కర్లేదు, వెంటనే బయల్దేరాల్సిందే. ఒళ్లు చల్లబడిపోయినా అంతే. ఆ వయసు దాటిన పిల్లల్లో జ్వరం ఎంతుందన్నది నాకు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఊపిరి ఎలా తీస్తోంది, పాలు తాగుతోందా అన్నది.

మాది శ్రీకాకుళం జిల్లా, హిరమండలం దగ్గర పల్లెటూరు. రెండేళ్ల కిందటి మాట. భోగికి రెండు రోజుల ముందు. మా ఆయన హైదరాబాద్‌లో కరెంటు పని చేస్తారు, పండక్కి బయల్దేరి రైల్లో ఉన్నారు. పొద్దున్నే ఆమదాలవలసలో దిగుతారు. బాబుకి అప్పటికి ఎనిమిదో నెల. నాలుగు రోజులుగా జలుబు, దగ్గు. మూడో రోజు జ్వరం వచ్చింది. ఊళ్లో మందులిచ్చే ఆయన ఒక ఇంజెక్షన్ చేసి, రెండు సిరప్పులు ఇచ్చి, "నెమ్ము చేసిందమ్మా, తగ్గిపోద్ది" అన్నాడు. నెమ్ము అన్న మాట ఎంత తేలిగ్గా అనేస్తారో చూడండి. నెమ్ము అంటే న్యుమోనియా. అది తెలిసి ఉంటే ఆ మాట విన్న పూటే నేను శ్రీకాకుళం వెళ్లిపోయేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి వాడు పాలు సరిగ్గా తాగలేదు. రెండు గుక్కలు లాగడం, వదిలేయడం, మొహం తిప్పుకోవడం. చోడి జావ, అదే రాగి జావ, స్పూనుతో పెడితే పెదాల మీంచి కారిపోయింది. సాయంత్రం సిరప్పు వేస్తే ఒళ్లు చల్లబడి నిద్రపోయాడు. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. మా అత్తమ్మ అరిసెల పాకం పెట్టడానికి కూర్చుంది. నాకు మాత్రం గుండెల్లో ఏదో కలుక్కుమంటూనే ఉంది. ఎందుకంటే ఆ నిద్ర నిద్రలా లేదు. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా "ఊఁ... ఊఁ..." అని మూలుగు. పేరు పెట్టి పిలిచినా, అరికాలు గీరినా కళ్లు సగం తెరిచి మళ్లీ మూసేస్తున్నాడు. అది మగత. జ్వరం దిగాక కూడా పిల్లాడు ఆడకుండా, నవ్వకుండా, వాలిపోయి ఉన్నాడంటే జ్వరం దిగిందని సంబరపడకూడదు. ఇది నాకు ఆ రాత్రే అర్థమైంది.

"పళ్లొస్తన్నాయే, ఏటీ అవదు. ఆడు పొద్దున్న దిగిపోతాడు గదా, ఆడొచ్చాక ఎల్దురుగాని" అంది అత్తమ్మ. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నలుగురు పిల్లల్ని పెంచింది. కానీ మా వైపు ఇళ్లల్లో ఇదొక జబ్బు. మగవాడు ఊళ్లో లేకపోతే ఆసుపత్రి ప్రయాణం ఆగిపోతుంది. సగం ఊరి మగవాళ్లు హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, ఇంకా దూరమో ఉంటారు. వాళ్లు వచ్చేదాకా రోగం ఆగుతుందా? కోడలు రాత్రిపూట బిడ్డనెత్తుకుని గడప దాటాలంటే ఎంతమందిని ఒప్పించాలో దాటినవాళ్లకే తెలుసు.

రాత్రి పది దాటింది. ఇక ఉండబట్టలేక వీధి చివర ఉండే ఆశా వర్కర్ అక్కకి ఫోన్ చేశాను. చెప్పులు కూడా లేకుండా వచ్చింది. థర్మామీటరు అడుగుతుందనుకున్నాను. అడగలేదు. స్వెట్టరు, దాని కింద జుబ్బా, లోపల బనీను అన్నీ విప్పమంది. బల్బు కిందకి తీసుకొచ్చి నా ఒళ్లో పడుకోబెట్టమంది. "ఏడిపించకు, కదిలించకు, ఊరికే చూడు" అంది.

చూశాను. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది, చింతగింజ పట్టేంత గుంట పడుతోంది. పొట్ట పైకి, ఛాతీ లోపలికి. ముక్కుపుటాలు రెండూ అదురుతున్నాయి. పొద్దున్నుంచీ మూడు వరసల బట్టల కింద వాడు అలా డొక్కలు ఎగరేస్తూనే ఉన్నాడు, మేమెవరం చూడలేదు. అక్క ఫోన్లో టైమర్ పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టింది. 64. "ఈ వయసుకి 50 దాటకూడదు" అని, నా మొహంలోకి చూసి, "ఒలే, బట్టలు సర్దుకో. పొద్దున్నదాకా ఆగడానికి నేదు" అంది.

ఆ లెక్క మీరూ రాసిపెట్టుకోండి. రెండు నెలల లోపు పిల్లలకి నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40. అంతకి చేరినా, దాటినా డాక్టర్ చూడాల్సిందే. పిల్ల ఏడవకుండా, ఆడకుండా ఉన్నప్పుడు లెక్కపెట్టాలి. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చిస్తే తప్పు వస్తుంది, పసిపిల్లలు ఊపిరి ఒకేలా తీయరు. నిమిషం నిండా చూడాలి. దీనికి మిషన్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. బట్టలు విప్పే ఓపిక చాలు. ఇక డొక్కలు ఎగరేస్తుంటే లెక్క కూడా అనవసరం, ఎక్కడున్నా లేచి వెళ్లిపోవాలి.

108కి ఫోన్ చేశాం. అరగంట పైనే పట్టింది. వాళ్ల తప్పు కాదు, మా ఊరి మలుపులు అలాంటివి. లోపల ఎక్కగానే బాబు కాలి బొటనవేలికి, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే క్లిప్పు పెట్టారు. 86 చూపించింది. 90 కంటే తగ్గితే ఆక్సిజన్ పెట్టాల్సిందేనని ఆ అబ్బాయి చెప్పి, చిన్న మాస్కు పెట్టాడు. అలికాం–బత్తిలి రోడ్డు మీద ఆ ప్రయాణం నేను జన్మలో మర్చిపోను. గొయ్యి వచ్చినప్పుడల్లా అత్తమ్మ వాడి రెండు పాదాలూ తన అరచేతుల్లో పట్టుకుని కూర్చుంది. చేతులకి అరిసెల పిండి అలాగే ఉంది. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

శ్రీకాకుళంలో ముందు ఒక ప్రైవేటు ఆసుపత్రి దగ్గర ఆపించాం, పిల్లల డాక్టర్ పొద్దున్నే వస్తారన్నారు. పావుగంట పోయింది. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి, మేమిప్పటికీ రిమ్స్ అనే అంటాం, అక్కడికి వెళ్లాం. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ బాబుని చూస్తూనే అడిగిన మాట, "పాలు ఎప్పటి నుంచి తాగట్లేదు?" మధ్యాహ్నం నుంచి అన్నాను. "మధ్యాహ్నమే రావాల్సింది తల్లీ" అంది. తిట్టలేదు. అయినా ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. తెల్లారి మా ఆయన స్టేషన్ నుంచి బ్యాగుతోనే వార్డులోకి వచ్చారు. ఆరు రోజులున్నాం. నాలుగో రోజు ఆక్సిజన్ తీసేశారు.

టీకాల కార్డు చూసి ఇంకో మాట కూడా అన్నారు. న్యుమోనియా టీకా, పీసీవీ అంటారు, 2021 నుంచి దేశమంతా ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది. ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిదో నెలలో. మావాడికి పద్నాలుగు వారాలది పడలేదు. అప్పుడు నేను పుట్టింట్లో ఉన్నాను, తిరిగొచ్చాక వేయిద్దాంలే అనుకుని వదిలేశాను. మీ పాపకి తొమ్మిది నెలలంటున్నారు కదా, జబ్బు తగ్గాక ఆ మూడో డోసు సంగతి చూడండి.

పళ్ల జ్వరం గురించి కూడా చెప్పాలి. పళ్లొచ్చేటప్పుడు చిగుళ్లు సలుపుతాయి, చొంగ కారుతుంది, మహా అయితే ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది. మూడు రోజుల జ్వరం, దగ్గు పళ్ల వల్ల రావు. ఆ ఒక్క మాట వల్ల మన ఊళ్లల్లో ఎంత ఆలస్యం జరుగుతోందో! సాంబ్రాణి పొగ కూడా అంతే. జలుబు చేసిన బిడ్డని పొగ మీద పట్టుకోవడం ఏమిటి? పెద్దవాళ్లమైన మనకే ఆ పొగకి దగ్గు వస్తుంది. ముక్కులో, నోట్లో ఆముదం చుక్కలు వేయడం అంతకంటే ప్రమాదం, నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే అదే నెమ్ము తెస్తుంది. కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. ఫిట్స్ వచ్చిన బిడ్డ చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం కూడా వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, వెంటనే తీసుకెళ్లండి.

సిరప్పుల సంగతి తలుచుకుంటే నాకు కోపం ఆగదు. జ్వరం సిరప్పు ఒకే పేరుతో 125 మిల్లీగ్రాములది ఉంటుంది, 250ది ఉంటుంది. పక్కింటివాళ్ల సీసా తెచ్చి, "మా వాడికి ఇంతే వేశాం" అని పోసేస్తారు. డోసు పిల్లల బరువును బట్టి ఉంటుంది. దగ్గు మందు అయితే ఈ వయసు పిల్లలకి మీ అంతట మీరు అసలు వేయొద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్పు తాగి పసిపిల్లలు చనిపోయారు. పేపర్లో చదివిన రోజు నాకు అన్నం దిగలేదు.

తల్లికి ముందే తెలుస్తుంది. ఏ పరీక్ష కంటే ముందే తెలుస్తుంది. దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను. ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది. అవతలివాళ్లకి ఎలా చెప్పాలో తెలియక తొమ్మిది గంటలు పోగొట్టాను. అందుకే మీకు ఒక ఉపాయం చెప్తాను. "నాకు భయంగా ఉంది" అంటే ఇంట్లో వినరు. చొక్కా విప్పి ఫోన్లో ఒక నిమిషం వీడియో తీయండి, ఊపిరి లెక్కపెట్టి అంకె చెప్పండి. ఆ అంకెకి ఎవరూ ఎదురు చెప్పలేరు, ఆ వీడియో డాక్టర్‌కీ పనికొస్తుంది.

ఇప్పుడు మీ పాప సంగతి. పాలు తాగుతోందా? తాగిందంతా కక్కేస్తోందా? మధ్యాహ్నం నుంచి ఎన్నిసార్లు ఒంటికి పోసింది? మగతగా ఉందా, బొమ్మ చూపిస్తే చెయ్యి చాపుతోందా? పెదాలు, గోళ్లు నీలంగా ఉన్నాయా? మాడు ఉబ్బినట్టు గానీ, గుంటపడినట్టు గానీ ఉందా? వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా ఈ రాత్రే వెళ్లండి. ఏదీ లేకపోయినా, మూడు రోజులుగా జ్వరం అన్నారు కాబట్టి పొద్దున్నే పిల్లల డాక్టర్‌కి చూపించండి, పీహెచ్‌సీ అయినా సరే. పాపని దుప్పట్లో చుట్టేయకండి, పల్చటి బట్ట చాలు. వెళ్లేటప్పుడు టీకాల కార్డు, ఇప్పటిదాకా వేసిన సిరప్పు సీసాలన్నీ సంచిలో వేసుకోండి. ఖాళీ అయిపోయినవి కూడా పారేయకండి, ఏ మందు ఎంత పడిందో అక్కడ తప్పకుండా అడుగుతారు.