తెలుగు కీబోర్డ్‌లో ఉండగానే గణిత గుర్తులు, బ్రాకెట్లు కొట్టడం ఎలా?

లైనక్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ లేఅవుట్‌కి మారగానే బ్రాకెట్లు పోతున్నాయని, ∈, ≤ లాంటివి ఎక్కడినుంచో కాపీ చేసుకోవాల్సి వస్తోందని, సొంత లేఅవుట్ తయారుచేసుకోక తప్పదా అని అడిగారు. అక్కర్లేదండీ. ముందు కంపోజ్ కీ (నొక్కి వదిలి, తర్వాత వరుసగా కొట్టిన కీలను కలిపి ఒక గుర్తుగా మార్చే కీ) పెట్టుకోండి, చాలావరకు ఇబ్బంది అక్కడే తీరిపోతుంది.

నేను బెంగళూరులో పగలంతా ఆఫీసులో పైథాన్ కోడ్ రాస్తాను. రాత్రి మారతహళ్లిలో ఇంటికొచ్చాక, అనంతపురంలో ఇంటర్ ఎంపీసీ చదువుతున్న మా అక్క కూతురికి తెలుగులో లెక్కల నోట్సు టైప్ చేసి పంపుతాను. సమితులు, ప్రమేయాలు అంటే వాక్యానికో గుర్తు ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో [ ఉండాల్సిన చోట డ, ఢ ఉంటాయి. వాటిని కదిపితే చేతికి అలవాటైన తెలుగు పాడవుతుంది. అందుకే అక్షరాల జోలికి వెళ్లొద్దంటాను.

లైనక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ వాడుతుంటే సెట్టింగ్స్‌లో కీబోర్డ్ విభాగంలో కంపోజ్ కీ ఉంటుంది. దానికి క్యాప్స్ లాక్ ఇచ్చేయండి, తెలుగుకి దాంతో పనేమీ లేదు. కంపోజ్ నొక్కి వదిలి ( రెండుసార్లు కొడితే [ వస్తుంది, ) రెండుసార్లు కొడితే ]. ఇంగ్లిష్‌లో ఉన్నప్పుడైతే < = కొడితే ≤, / = కొడితే ≠, - > కొడితే →, 8 రెండుసార్లు కొడితే ∞. గుర్తు ఆకారమే దాని కీలు చెబుతుంది కాబట్టి బట్టీ పట్టే పని లేదు.

అసలు ఉపయోగం సొంత జతలు రాసుకోవడంలో ఉంది. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌కంపోజ్ ఫైల్ పెట్టండి. మొదటి లైన్‌లో ఇన్‌క్లూడ్ అని రాసి, కోట్స్‌లో % పక్కన పెద్ద ఎల్ పెట్టాలి. అది లేకపోతే పైన చెప్పిన జతలు పనిచేయకపోవచ్చు. తర్వాత లైనుకో గుర్తు: కీల వరుస, కోలన్, కోట్స్‌లో గుర్తు. తెలుగు అక్షరాలు కూడా కీలుగా ఇవ్వొచ్చు. పెద్ద యూ పక్కన ఆ అక్షరం యూనికోడ్ సంఖ్య రాస్తే చాలు, చ అయితే 0సీ1ఏ. "చెందుతుంది"కి చ, చ కొడితే ∈, "ప్రతి"కి ప, ప కొడితే ∀, ( తర్వాత ప కొడితే పూల బ్రాకెట్ { వచ్చేలా పెట్టుకున్నాను. భాష మార్చకుండా నోట్సు సాగిపోతుంది. ఫైల్ సేవ్ చేశాక ఒకసారి లాగౌట్ అయి రండి.

కోడ్ దగ్గర మాత్రం జాగ్రత్త. పైథాన్‌లో λ అని వేరియబుల్‌కి పేరు పెట్టుకోవచ్చు, ≤ రాస్తే మాత్రం సింటాక్స్ ఎర్రర్. జూలియా అనే ప్రోగ్రామింగ్ భాషలో ≤, ≠, ∈ మూడూ నడుస్తాయి. అన్నిటికంటే టెన్షన్ పెట్టేది గణితపు మైనస్ −. మామూలు హైఫన్‌లాగే కనిపిస్తుంది, పైథాన్ ఒప్పుకోదు. అందుకే దాన్ని నా ఫైల్‌లో చేర్చలేదు.

మా పక్క ఫ్లాట్ తమ్ముడిది విండోస్. అతనికి విండోస్‌లో కంపోజ్ కీ ఇచ్చే విన్‌కంపోజ్ ప్రోగ్రామ్ వేసిచ్చాను, ఉచితమే, పద్ధతి ఇదే.

ఇంతా చేశాక కూడా ఏదో ఒక గుర్తు మరీ ఎక్కువగా కావాల్సివస్తే అప్పుడు లేఅవుట్‌లో చేయిపెట్టండి. లైనక్స్‌లో కీబోర్డ్ లేఅవుట్ ఉండే ఎక్స్‌కేబీ ఫైల్‌లో ఒక్కో కీకి నాలుగు గళ్లు ఇవ్వొచ్చు: మామూలుగా, షిఫ్ట్‌తో, కుడి ఆల్ట్‌తో, రెండూ కలిపి. మొదటి రెండూ వదిలేసి మూడో గడి వాడుకోండి. సిస్టమ్ ఫోల్డర్‌లో ఉన్న ఫైల్ మార్చొద్దు, అప్‌డేట్ వస్తే తుడిచిపెట్టుకుపోతుంది. మీ లైనక్స్ తెరను నడిపేది వేలాండ్ (కొత్త డిస్‌ప్లే పద్ధతి) అయితే హోమ్‌లోని కాన్ఫిగ్ ఫోల్డర్‌లోనే పెట్టుకోవచ్చు.